ప్రెయిరీ గడ్డి మైదానాల దారిలో ఆర్‌వీ అద్దెకు తీసుకుంటున్నారా? ముందు టైరు మీది నాలుగు అంకెలు చూడండి

అక్టోబరు రెండో వారంలో సౌత్ డకోటాలోని సూ ఫాల్స్‌లో ఒక అద్దె సంస్థ దగ్గర వంటగది, పడకలున్న మోటారు బండి, అంటే ఆర్‌వీ తీసుకుని బ్యాడ్‌ల్యాండ్స్ జాతీయ పార్కుకు బయలుదేరాం. మేమిద్దరం, పాప, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్య. మీలో ఎవరైనా ఇలాంటి ప్రయాణం అనుకుంటుంటే డబ్బు కట్టకముందే ఇది చదవండి.

బండి అప్పగించిన కుర్రాడు పది నిమిషాల్లో అన్నీ చూపించేశాడు. పొయ్యి వెలిగించాడు, గ్యాస్ నిండుగా ఉందన్నాడు. కొత్త పరుపులు, తళతళలాడే సింకు చూసి మురిసిపోయాం. టైర్ల వంక ఎవరూ తొంగి చూడలేదు.

ఐ-90 హైవే మీద మిచెల్ వరకు హాయిగానే సాగింది. ఛేంబర్లేన్ దగ్గర మిస్సోరి నది దాటాక మొక్కజొన్న చేలు పలచబడి, కనుచూపు మేర ఎండు గడ్డే. "ఇంత నేల ఖాళీగా వదిలేశారేమిటి!" అని మామయ్య బాధపడ్డారు. గాలిని ఆపడానికి ఒక్క చెట్టు లేదు. పక్క నుంచి అది కొడుతుంటే ఎత్తయిన బండి తెప్పలా ఊగింది. వేగ పరిమితి 80 మైళ్లున్నా నేను 55 దాటలేదు.

మర్డో దగ్గర వెనుక చక్రం ఢామ్మని పేలింది. ఊడిన రబ్బరు పట్టీ బండి పక్క రేకును చీల్చేసింది. జంట చక్రాల్లో రెండోది నిలబడింది కాబట్టి బతికిపోయాం. స్పేర్ టైరు లేదు. సహాయం రావడానికి నాలుగు గంటలు పట్టింది. మెకానిక్ టైరు మీది అంకెలు చూపించాడు: 2314. అంటే 2014లో 23వ వారంలో తయారైంది! పైన గాడులు చూస్తే కొత్తదానిలానే ఉంది. డాట్ (DOT) అన్న అక్షరాలున్న వరుసలో చివరి నాలుగు అంకెలే టైరు వయసు. పక్క గోడకు బయటివైపు కనిపించకపోతే వంగి లోపలివైపు చూడండి, మొహమాటపడకండి.

ఆ రాత్రి కడోకాలో ఆగాం. బయట మంచు గడ్డకడుతోంది. హీటర్ పది నిమిషాలు తిరిగి ఆగిపోయింది. గ్యాస్ ఉంది కదా అనుకున్నాం. కానీ వేడిని విసిరే ఫ్యాను బ్యాటరీతో నడుస్తుంది, ఆ బ్యాటరీ రోజంతా ప్రయాణించినా ఛార్జి నిలుపుకోలేనంత పాతది. జనరేటర్ వేద్దామంటే, బండి ట్యాంకులో ఇంధనం పావు వంతుకు తగ్గితే అది పనిచేయదట. ఈ సంగతి ఆ కుర్రాడు చెప్పలేదు. చలికాలమని అక్కడ కుళాయిలు కూడా కట్టేశారు. అత్తయ్య తెచ్చిన రెండు శాలువాలే ఆ రాత్రి మా హీటరు.

బండి తీసుకునేటప్పుడు ఇంజిన్ ఆపించి, బయటి నుంచి వచ్చే కరెంటు తీగ పీకించి, హీటరు అరగంట నడిపి చూడండి. రేకులు, టైర్లు వీడియో తీయండి. మేము తీయలేదు. "టైర్ల నష్టం అద్దెదారుదే" అన్న వాక్యం ఒప్పందం ఏడో పేజీలో ఉందని, మా 1,500 డాలర్ల డిపాజిట్ పూర్తిగా ఉంచేసుకున్నారు. కార్డు బ్యాంకుకు ఫిర్యాదు పెట్టాను. 2314 అంకెలున్న టైరు ఫొటో మాత్రం నా దగ్గర భద్రంగా ఉంది.