బూన్‌కి రెండు సమాధులు, మాకు రెండు వారాంతాలు

డేనియల్ బూన్ అంటే పద్దెనిమిదో శతాబ్దంలో అడవుల్లో దారి కొట్టి వలస జనాన్ని కెంటకీకి తీసుకెళ్లిన అమెరికన్, వాళ్ల తరఫున పోరాడినవాడు. ఆయన సమాధి చూడాలంటే రెండు రాష్ట్రాలు తిరగాలి. ఒకటి మేముండే సెయింట్ లూయిస్‌కి గంటా గంటన్నర దూరంలో, మిజోరీలో. రెండోది మూడొందల మైళ్ల అవతల, కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫోర్ట్‌లో. రెండుచోట్లా రాళ్లున్నాయి, రెండుచోట్లా పేరుంది. మనిషి ఎక్కడున్నాడో మాత్రం గట్టిగా చెప్పేవాళ్లు లేరు.

ఈ తిరుగుడంతా మా మావయ్య గారి వల్ల. ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే మీకు తెలిసే ఉంటుంది, ఇంటికొకరు సైన్యంలో చేరే ఊరు. ఈయనా ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యారు. ఇక్కడికొచ్చిన నెలలో మాల్స్, ఆర్చ్, బాల్విన్ గుడి అన్నీ అయిపోయాయి. "ఇక్కడ సిపాయిల చోట్లేమీ లేవా అమ్మాయ్?" అన్నారు ఒకరోజు. అలా బూన్ దగ్గరికి బయల్దేరాం.

మొదటి వారాంతం మిజోరీలోనే డిఫయన్స్ అనే ఊరు. మిజోరీ నది వెంట 94వ నంబరు రోడ్డు మీద వెళ్లాలి. కొండలూ మలుపులూ ద్రాక్షతోటలూ, రోడ్డు బాగుంటుంది. అక్కడున్న నాలుగంతస్తుల సున్నపురాయి ఇల్లు నిజానికి బూన్ చిన్నకొడుకు నేథన్‌ది. గోడలే రెండున్నర అడుగుల మందం. 1820 సెప్టెంబరు 26న ఎనభై ఐదేళ్ల బూన్ కన్నుమూసింది ఈ ఇంట్లోనే. ఇప్పుడిది సెయింట్ ఛార్లెస్ కౌంటీ పార్కు. లోపల గైడు వెంట తిరగాలి. మెట్లెక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే ముందే ఫోన్ చేసి అడగండి.

ఆయన చెర్రీ చెక్కతో ముందే శవపేటిక చేయించి పెట్టుకున్నాడనీ, అప్పుడప్పుడూ అందులో పడుకుని చూసుకునేవాడనీ చెప్పుకుంటారు. ఆఖరి రోజుల్లో ఇష్టంగా తిన్నది చిలగడదుంపలట. మా అత్తయ్య గారికి ఆ ఇల్లంతా కలిపి గుర్తున్నది ఆ ఒక్క ముక్కే.

ఆ రాత్రి అగస్టాలో ఒక పాత ఇంట్లో దిగాం. పడక, పొద్దున టిఫిను కలిపి ఇచ్చే పద్ధతి. గది శుభ్రంగా ఉంది. మేం గుడ్డు కూడా తినం అని ముందే చెప్తే ఇంటావిడ బంగాళదుంపలు వేయించి, పండ్లు కోసి పెట్టింది. అయితే వారాంతాల్లో వైన్ కోసం వచ్చే జనంతో ఆ ఊళ్లో రేట్లు మండిపోతాయి. సెయింట్ లూయిస్ వాళ్లు రాత్రి ఉండనక్కర్లేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కేటీ ట్రైల్ మీద సైకిల్ తొక్కాలనుకుంటే అది వేరే సంగతి.

మర్నాడు మార్తాస్‌విల్ దగ్గర చిన్న దిబ్బ మీదున్న పాత బ్రయాన్ శ్మశానానికి వెళ్లాం. భార్య రెబెకా పుట్టింటివాళ్లది. 1813లో ఆవిణ్ణి అక్కడ పూడ్చారు, ఏడేళ్ల తర్వాత ఆయన్నీ అక్కడే పెట్టారు. బండరాయికి బిగించిన పలక 1915 నాటిది. టికెట్టు లేదు, టాయిలెట్టూ లేదు, నీళ్లు మీరే తెచ్చుకోవాలి. చుట్టూ పొలాలు, గాలి చప్పుడు. మేమున్న నలభై నిమిషాల్లో ఇంకో కారు రాలేదు.

అసలు పేచీ ఇక్కడే మొదలైంది. 1845లో, ఫ్రాంక్‌ఫోర్ట్‌లో కొత్తగా పెట్టిన శ్మశానవాటిక వాళ్లు వచ్చి బూన్ దంపతుల అస్థికలు తవ్వి కెంటకీకి పట్టుకెళ్లారు. తమ రాష్ట్రానికి దారి వేసిన మనిషి తమ దగ్గరే ఉండాలన్నది వాళ్ల వాదన, దానితో కొత్త శ్మశానానికీ పేరొస్తుంది. మిజోరీ వాళ్ల కథ వేరు. రెబెకా పక్కన చోటు అప్పటికే నిండిపోతే ఆయన్ని ఆమె కాళ్ల దగ్గర పూడ్చారనీ, రాళ్లు తర్వాతెప్పుడో తప్పుచోట పాతారనీ, వచ్చినవాళ్లు పక్క గోతిలో వేరెవర్నో తవ్వుకుపోయారనీ అంటారు. 1983లో, కెంటకీలో తిరిగి పూడ్చేముందు పుర్రెకి తీసిన ప్లాస్టరు అచ్చుని ఒక నిపుణుడు పరీక్షించి, అది నల్లజాతి మనిషిది కావచ్చన్నాడు. అచ్చుని బట్టి తేల్చలేమని మరికొందరన్నారు. ఆ కాలంలో ఈ కుటుంబాలకి బానిసలుండేవాళ్లు. ఆ మాట నిజమే అయితే పేరు లేకుండా పోయిన ఒక బానిసని ఊరేగింపుగా తీసుకెళ్లి రాజధానిలో పూడ్చారన్నమాట. నాకు ఈ కథంతట్లో అన్నిటికన్నా ఎక్కువగా తలకెక్కింది ఇదే.

రెండో ప్రయాణం మూడు రోజుల సెలవు చూసుకుని పెట్టుకున్నాం. 64వ హైవే ఎక్కితే లూయీవిల్ మీదుగా నేరుగా ఫ్రాంక్‌ఫోర్ట్. టైమ్ జోన్ మారి గంట పోతుంది, బుకింగుల్లో లెక్క చూసుకోండి.

హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం, పేరెందుకు. కింది అంతస్తు కావాలని బుకింగులోనే రాస్తే పైన ఇచ్చారు, లిఫ్టు పనిచెయ్యట్లేదు. మావయ్య గారు ఏమీ అనకుండా పెట్టె తీసుకుని ఎక్కేశారు. మాట్లాడింది నేనే. రాత్రంతా ఏసీ లారీలా మోగింది. పొద్దున టిఫిను అంటే పొట్లాల్లో బ్రెడ్డు. పులిహోర తీసుకెళ్లడం మంచిదైంది. ఇంకోసారైతే అరగంట దూరంలో ఉన్న లెక్సింగ్టన్‌లో ఉంటాను. అక్కడ మన తిండి దొరుకుతుంది.

ఫ్రాంక్‌ఫోర్ట్ శ్మశానం మాత్రం, చూపు వరకు మాట్లాడితే, దీనికి సాటి లేదు. కొండ అంచున సమాధి, కింద కెంటకీ నది, అవతల కాపిటల్, అంటే రాష్ట్ర శాసనసభ, గుమ్మటం. కారు పైదాకా వెళ్తుంది. స్తంభానికి నాలుగు వైపులా పాలరాతి చెక్కడాలు. ఒకదాంట్లో బూన్ అమెరికా ఆదివాసీతో కలబడుతుంటాడు, ఒకదాంట్లో రెబెకా ఆవు పాలు పితుకుతుంటుంది. పదిమంది పిల్లల్ని కని, మొగుడు నెలల తరబడి అడవుల్లో ఉంటే ఇల్లు నెట్టుకొచ్చిన మనిషికి ఒక పలక దక్కింది. అత్తయ్య గారు దాని దగ్గరే నిలబడి ఫొటో తీయించుకున్నారు.

అక్కణ్ణించి గంట దూరంలో ఫోర్ట్ బూన్స్‌బరో. 1775లో బూన్ అడవిలో దారి కొట్టుకుంటూ వచ్చి నది ఒడ్డున కట్టిన ఊరు. ఇప్పుడున్న దుంగల కోట 1970ల్లో కట్టిన నమూనా. పాతకాలపు దుస్తుల్లో పనివాళ్లు చేతిపనులు చేసి చూపిస్తారు. పిల్లలకి బాగుంటుంది, కాకపోతే నీడ తక్కువ, టోపీలు తప్పనిసరి. ఉడుత తోకలాంటి కుచ్చున్న రాకూన్ టోపీ బూన్ పేరు మీద అమ్ముతుంటారు గానీ, ఆయన అది పెట్టుకునేవాడు కాదు, ఫెల్టు టోపీ పెట్టుకునేవాడు.

మావయ్య గారు ఇక్కడే ఎక్కువసేపున్నారు. 1778 ఫిబ్రవరిలో ఉప్పు వండటానికి బ్లూ లిక్స్ అనే ఉప్పునీటి ఊటల దగ్గరికి వెళ్లిన బూన్ షానీ అనే ఆదివాసీ తెగవాళ్లకి దొరికిపోయాడు. పోరాడితే అందరూ చస్తారని తన మనుషుల్నీ లొంగిపోమన్నాడు. షానీ నాయకుడు బ్లాక్‌ఫిష్ ఆయన్ని కొడుకుగా చేసుకుని షెల్టోవీ, అంటే పెద్ద తాబేలు, అని పేరు పెట్టాడు. జూన్‌లో తప్పించుకుని, కొంత గుర్రం మీద, అది అలిసిపోయాక నడిచి, 160 మైళ్లు ఐదు రోజుల్లో దాటి కోటకి చేరాడు. సెప్టెంబరులో ముట్టడి జరిగింది. షానీలు నది ఒడ్డు నుంచి తవ్విన సొరంగం వానలకి కూలిపోయింది. కోట నిలబడింది. ఆ తర్వాత బూన్‌ని శత్రువుకి లొంగాడని కోర్ట్ మార్షల్ చేశారు. నిర్దోషి అని వదిలేసి మేజర్‌ని చేశారు.

"కోర్ట్ మార్షల్ అయ్యాక ప్రమోషనా! మా రెజిమెంటులో అయితే ఉద్యోగం మిగిలితే చాలనుకునేవాళ్లు" అని ఆయన నవ్వారు. కాసేపాగి, "లొంగమని చెప్పటానికి ఎక్కువ ధైర్యం కావాలమ్మా" అన్నారు. ఆ పలకలు చదువుతున్నంతసేపూ నాకు మాత్రం ఇంకోటి అనిపిస్తూనే ఉంది. ఆ నేలని, బూన్‌ని దారి వెయ్యడానికి పంపిన హెండర్సన్ కంపెనీ కొన్నది చెరోకీలనే మరో తెగ దగ్గర, వేటాడుకుని బతికేది షానీలు. వాళ్ల సంతతి ఇప్పుడు ఓక్లహోమాలో ఉంది.

బ్లూ లిక్స్ కూడా చూశాం, అది యుద్ధాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకే. 1782 ఆగస్టు 19న, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సైన్యం యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన పది నెలలకి, అక్కడ జరిగిన పోరులో బూన్ కొడుకు ఇజ్రాయెల్ చనిపోయాడు. అది పొంచి ఉన్న వల అని బూన్ ముందే హెచ్చరించాడు, ఎవరూ వినలేదు. అంతకు తొమ్మిదేళ్ల ముందే పెద్దకొడుకు జేమ్స్‌నీ ఈ వలస దారిలోనే పోగొట్టుకున్నాడు.

"ఇంత చేస్తే భూమేమైనా ఇచ్చారా?" ఇది మావయ్య గారు దారంతా అడిగిన ప్రశ్న. ఉన్నదే పోయింది. కెంటకీలో పట్టాలు సరిగా లేక, దావాలు తగిలి అన్నీ చేజారాయి. 1799లో అప్పటికింకా స్పెయిన్ చేతిలో ఉన్న మిజోరీకి వెళ్లిపోయాడు. స్పెయిన్ ఇచ్చిన భూమి, ఆ ప్రాంతం అమెరికా చేతికొచ్చాక కాగితాల్లో పోయింది. 1814లో అమెరికా కాంగ్రెస్ తిరిగి ఇస్తే, చాలావరకు పాత అప్పులకే అమ్మేశాడు.

అందుకే ఒకచోటే చూడటానికి వీలుంటే మార్తాస్‌విల్‌కి వెళ్లండి అంటాను. ఫ్రాంక్‌ఫోర్ట్ అందమైనదే, కానీ ఆ చోటు ఆయన ఎంచుకున్నది కాదు. మావయ్య గారు మాత్రం ఒప్పుకోలేదు. సైనికుడికి జెండా కనిపించే చోటే బాగుంటుందట. అత్తయ్య గారు వెనక సీట్లోంచి, "ఆవిడ పక్కన ఉన్నాడా లేదా, అది చెప్పండి ముందు" అన్నారు. ఇండియానా దాటేదాకా ఈ వాదన నడిచింది. పోయిన గంట తిరిగొచ్చింది కాబట్టి వంట టైముకే ఇంట్లో ఉన్నాం. ఆ రాత్రి చిలగడదుంపల పులుసు.