జంబో రొయ్యల ప్యాకెట్: రుచి బాగుంది, సైజు దగ్గరే పేచీ

యాప్‌లో తెప్పించిన ఫ్రోజెన్ రొయ్యలు, తలా పొట్టూ తీసినవి, పావు కిలో 349 రూపాయలు. కంపెనీ పేరు ఎందుకులెండి. ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో ‘జంబో’ అని ఉంది. ఎన్ని కౌంటో మాత్రం ఎక్కడా లేదు.

మాది భీమవరం వైపు, నాన్నది రొయ్యల చెరువు. మా దగ్గర రొయ్యకి పెద్దా చిన్నా అంటూ ఉండదు, కౌంటే. కిలోకి 30 తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. ఐస్ కరిగాక నీళ్లు వంచేసి కాటా వేస్తే ఇవి 205 గ్రాములు, మొత్తం 30 రొయ్యలు. తలా పొట్టూ తీస్తే బరువులో సగం దాకా పోతుంది కాబట్టి, పట్టుబడి నాటికి 70, 80 కౌంట్ మధ్య ఉండుంటాయి. దాన్ని గట్టు మీద ఎవరూ జంబో అనరు. అమెరికాలో ఆ మాట వాడినా పౌనుకి (అంటే దాదాపు 450 గ్రాములకి) 21-25 అని పక్కనే నంబరు వేస్తారు.

అసలు జంబో అన్నది ఒక ఏనుగు పేరు. ఆఫ్రికాలో గున్నగా ఉండగా పట్టి, పారిస్‌లో కొన్నాళ్లు ఉంచి, 1865లో లండన్ జూకి ఇచ్చారు. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరిగేది. 1882లో అమెరికా సర్కస్ యజమాని బార్నమ్ కొనేస్తే లండన్‌లో పెద్ద గోలే జరిగింది. మూడేళ్లకి కెనడాలో రైలు గుద్ది చచ్చిపోయింది, పాపం. లావుపాటి మొద్దు మనిషిని జంబో అనడం అంతకుముందే ఉన్నా, సరుకుల సైజుకి ఆ మాట అంటుకున్నది ఈ ఏనుగు పుణ్యమే. బోయింగ్ 747 జంబో జెట్ అయింది, మంత్రులు ఎక్కువైతే మన పేపర్లకి జంబో కేబినెట్ అయింది. వాటికి చెల్లింది. కిలోల్లెక్కన అమ్మే రొయ్యకి లెక్క ఉండాలి కదా!

సరుకు మాత్రం మంచిదే. నీచు వాసన లేదు, వీపు మీద నల్ల నరం శుభ్రంగా తీశారు. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి బాండీలో వేస్తే నీరు బాగా వదిలాయి. అది ఇగిరాక నూనె, కరివేపాకు వేసి వేపితే చక్కగా కుదిరింది, రబ్బరులా సాగలేదు. తలలతో పులుసు పెట్టుకోవాలంటే మాత్రం హైదరాబాద్‌లో రాంనగర్ మార్కెట్‌కి పోవాల్సిందే.

ఐదుకి మూడు స్టార్లు. కౌంటూ, ఐస్ పోను బరువూ ప్యాకెట్ మీద వేస్తే నాలుగు ఇస్తాను.