ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫాం కొంటున్నారా? కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటుందో ముందే అడగండి

ఏడాది ప్లాన్‌కి డబ్బు కట్టబోతున్న వాళ్లు ఇది చదివాకే కార్డు బయటికి తీయండి. మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్. ఆన్‌లైన్ స్టోర్‌కి ఆర్డరు రాగానే ట్యాలీలో ఇన్‌వాయిస్ ఎక్కాలి, గూగుల్ షీట్‌లో స్టాకు తగ్గాలి, పేమెంట్ గేట్‌వేలో పడ్డ డబ్బుతో లెక్క సరిపోవాలి. ఇదంతా దానంతట అదే జరుగుతుందని ఒక డేటా ఇంటిగ్రేషన్ ప్లాట్‌ఫాం, అంటే ఒక యాప్‌లోని వివరాల్ని ఇంకో యాప్‌కి చేరవేసే సర్వీసు తీసుకున్నాం. దాని పేరు రాయడం లేదు. పేరు కన్నా ఏం అడిగి కొనాలో తెలిస్తేనే మీకు ఎక్కువ ఉపయోగం.

డెమోలో అంతా రెండు నిమిషాల పనే. యాప్ లోగో నొక్కి, గూగుల్‌లో లాగిన్ అయి, అనుమతి ఇస్తే ఆకుపచ్చ టిక్కు వచ్చేస్తుంది. ఆ టిక్కు వెనక ఏం జరుగుతుందో సేల్స్ వాళ్లు చెప్పరు. అనుమతి ఇవ్వగానే గూగుల్ ఆ ప్లాట్‌ఫాంకి రెండు టోకెన్లు ఇస్తుంది, అంటే పాస్‌వర్డ్ లేకుండానే మీ అకౌంటులోకి వెళ్లనిచ్చే డిజిటల్ తాళంచెవులు. యాక్సెస్ టోకెన్ గంటసేపు పనిచేస్తుంది. అది అయిపోయినప్పుడల్లా కొత్తది తెచ్చుకోవడానికి రిఫ్రెష్ టోకెన్ ఉంటుంది. ఇవి లాగిన్ అయిన మనిషి అకౌంటుకే ముడిపడి ఉంటాయి, కంపెనీకి కాదు.

మా దగ్గర ఇవన్నీ సెట్ చేసిన అబ్బాయి వేరే ఉద్యోగానికి వెళ్లాడు. ఎవరు మానేసినా చేసినట్టే అతని ఆఫీసు మెయిల్ ఐడీ తీసేశాం. డ్రైవ్ ఫైళ్లని ఇంకొకరి పేరు మీదకి మార్చుకోవచ్చు, మార్చుకున్నాం. టోకెన్లకి ఆ వీలు లేదు, అకౌంటుతో పాటే పోతాయి. భద్రత కోసం అలా ఉండాల్సిందే, గూగుల్‌ని ఏమీ అనను. నా కోపం ప్లాట్‌ఫాం మీద. కనెక్షన్ తెగిపోయినా వాళ్ల డాష్‌బోర్డులో టిక్కు పచ్చగానే ఉంది. ఎర్రర్ మెయిల్ వెళ్లింది కానీ కనెక్షన్ ఓనరుకి, అంటే మేం తీసేసిన ఐడీకే. షీట్‌లో స్టాకు తగ్గడం మానేసింది. గోడౌన్‌లో లేని క్లచ్ ప్లేట్లకి స్టోర్ ఆర్డర్లు తీసుకుంటూనే పోయింది. ఏళ్లుగా మా దగ్గరే కొనే మెకానిక్‌లు ఫోన్ చేసి, "ఏంటన్నా, డబ్బు కట్టించుకుని సరుకు లేదంటారు?" అని అడుగుతుంటే ఏం చెప్పగలం?

సపోర్టుని అడిగితే ఓనర్‌షిప్ మార్చడం పై ప్లాన్‌లోనే ఉందన్నారు. పాత కనెక్షన్‌లోనే వేరే ఐడీతో లాగిన్ అవ్వడం కుదరదట, కొత్తది పెట్టుకోమన్నారు. ప్రతి ఫ్లోలోకి (ఆర్డరు నడిచే స్టెప్పుల వరుస) వెళ్లి పాత కనెక్షన్ తీసి కొత్తది ఎంచుకుంటే, ఏ వివరం ఏ కాలమ్‌లో పడాలో చెప్పే మ్యాపింగ్ అంతా ఖాళీ అయిపోయింది. అదంతా మళ్లీ నింపి ఆన్ చేస్తే, ఆగిన ఆర్డర్లన్నీ మొదటి స్టెప్పు నుంచి నడిచి, ట్యాలీలో అప్పటికే ఎక్కిన ఇన్‌వాయిస్‌లు రెండోసారి ఎక్కాయి. అమ్మకాల జీఎస్టీ రిటర్న్ (జీఎస్టీఆర్-1) వేసేముందు మా అకౌంటెంటు గారు వాటిని ఒక్కొక్కటిగా ఏరాల్సి వచ్చింది. పైగా మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఫెయిలైన వాటిని కూడా టాస్కులుగా (వాళ్లు బిల్లు వేసే లెక్క) లెక్కేసి అదనపు బిల్లు పంపారు. ఇది అన్యాయం కాక మరేమిటి?

అందుకే ట్రయల్‌లో ఉండగానే ఒక పరీక్ష పెట్టండి. గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ యాప్‌ల పేజీ ఉంటుంది. అక్కడ ఆ ప్లాట్‌ఫాంకి ఇచ్చిన అనుమతిని మీరే తీసేసి, ఒక టెస్ట్ ఆర్డరు పెట్టండి. టిక్కు ఎర్రగా మారిందా, అలర్టు ఎవరెవరికి వచ్చింది, అదే కనెక్షన్‌లో మళ్లీ లాగిన్ అయితే మ్యాపింగులు నిలిచాయా, ఆగిన ఆర్డరు ఫెయిలైన స్టెప్పు నుంచే నడిచిందా అన్నవి చూడండి. వీటికి సేల్స్ వాళ్ల నోటిమాట సరిపోదు, కళ్లారా చూసుకోవాలి. ఉద్యోగుల ఐడీలు కాకుండా కనెక్షన్ల కోసమే ఒక కంపెనీ ఐడీ పెట్టి దాంతో లాగిన్ అవ్వండి. జీమెయిల్ అనుమతి కూడా ఇచ్చి ఉంటే, పాస్‌వర్డ్ మార్చిన రోజు ఆ కనెక్షన్ తెగుతుందని గుర్తుంచుకోండి. కొన్ని ప్లాట్‌ఫాంలు గూగుల్ క్లౌడ్‌లో మీ సొంత క్లయింట్ ఐడీ (అనుమతి అడిగే యాప్‌కి గూగుల్ ఇచ్చే గుర్తింపు) పెట్టుకోమంటాయి. దాన్ని టెస్టింగ్ స్టేటస్‌లోనే వదిలేస్తే రిఫ్రెష్ టోకెన్ 7 రోజులకే చచ్చిపోతుంది. వారం వారం తెగుతుంటే ముందు అక్కడ చూడండి.

వ్యాపారం కోసం కొన్న సర్వీసు అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మామూలుగా మనల్ని వినియోగదారుడిగా లెక్కించదు. స్వయం ఉపాధితో బతికేవాళ్లకే మినహాయింపు. కాబట్టి రీఫండ్ షరతులు డబ్బు కట్టకముందే చదవండి.

మానేసేటప్పుడు సబ్‌స్క్రిప్షన్ క్యాన్సిల్ చేసి వదిలేయకండి. మేం క్యాన్సిల్ చేశాక కూడా కొత్త ఐడీ అకౌంటులో ఆ ప్లాట్‌ఫాంకి డ్రైవ్ మొత్తం మీద అనుమతి అలాగే కనిపించింది. ఇది చిన్న విషయం కాదు. 2025 ఆగస్టులో హ్యాకర్లు సేల్స్‌లాఫ్ట్ డ్రిఫ్ట్ అనే చాట్ యాప్ నుంచి దొంగిలించిన టోకెన్లతో, 700కి పైగా సంస్థలు సేల్స్‌ఫోర్స్‌లో (కస్టమర్ల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్న డేటా మీద పడ్డారు. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి ఇంటర్నెట్ భద్రతా కంపెనీ కూడా అందులో ఉంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, టోకెన్ చేతికొస్తే చాలు. గూగుల్‌లో అనుమతి మీరే తీసేయండి. పేమెంట్ గేట్‌వేలో ఆ ప్లాట్‌ఫాంకి ఇచ్చిన పాత ఏపీఐ కీ (యాప్‌లు లోపలికి రావడానికి వాడే రహస్య కోడ్) రద్దు చేసి కొత్తది తీసుకోండి. ట్యాలీ కంప్యూటర్‌లో వాళ్లు వేసిన ఏజెంట్ సాఫ్ట్‌వేర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. దానికోసం రౌటర్‌లో 9000 పోర్టు (బయటి నుంచి ట్యాలీలోకి వచ్చే దారి) తెరిచి ఉంటే అది కూడా మూసేయండి.