‘హెల్దీ’ బౌల్ పక్కన వేసిన కేలరీల అంకెలో డ్రెస్సింగ్ లేదు: కొనేవాళ్లు జాగ్రత్త

ఆరోగ్యకరమైన ఫాస్ట్‌ఫుడ్ అని చెప్పుకునే రెస్టారెంట్లలో తినేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్లకి అక్కణ్ణించి పార్సిల్ పట్టుకెళ్లేవాళ్లు దీన్ని పూర్తిగా చదవండి. మెనూలో వంటకం పక్కన కేలరీల అంకె కనిపిస్తే, అది దేనికి వేసిన అంకో అడగకుండా నమ్మొద్దు. డ్రెస్సింగ్, అంటే సలాడ్ల మీద పోసే సాసు, అందులో కలవకపోవచ్చు. మాకు ఎదురైంది వివరంగా చెప్తాను. రెస్టారెంటు పేరు మాత్రం రాయడం లేదు. ఇదే పద్ధతి తర్వాత వేరే చోట్ల కూడా చూశాను. పేరు చెబితే ఆ ఒక్క చోటికి వెళ్లకపోతే సరిపోతుందని అనుకుంటారు, అలా అనుకుంటే ప్రమాదం.

మా అమ్మకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. తిండి విషయంలో ఆమె చాలా కట్టుదిట్టం. ఇంట్లో ఏ పూట ఎంత తినాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు, బయట తినాల్సి వచ్చినప్పుడే భయం. ఆ రోజు ఆస్పత్రిలో పరీక్షలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. బర్గర్లు, వేయించినవి అమ్మే చోట్లు వదిలేసి, సలాడ్లు, ధాన్యాల బౌళ్లు అమ్మే రెస్టారెంటు చూసుకుని మరీ వెళ్లాం. ఆర్డర్ ఇచ్చేముందే కౌంటర్ దగ్గర చెప్పాను, ‘అమ్మకి షుగరుంది, తీపి కలిపినవి వద్దు, ఉప్పు తక్కువున్నది ఏదో చెప్పండి’ అని. అక్కడున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. క్వినోవా (ధాన్యంలా వండుకునే గింజలు), కాల్చిన కూరగాయలు, శనగలు వేసిన బౌల్ చూపించాడు. పక్కన 380 కేలరీలు అని ఉంది. దాంతోపాటు ‘చక్కెర కలపలేదు’ అని రాసిన ఆకుపచ్చ స్మూతీ కూడా షుగరున్నవాళ్లు తాగొచ్చన్నాడు. రెండూ తీసుకున్నాం.

తిన్న రెండు గంటలకి అమ్మ మీటర్‌లో చూసుకుంటే షుగరు ఎప్పుడూ లేనంత పైన ఉంది. సాయంత్రానికి విపరీతమైన దాహం, తలనొప్పి. రాత్రి బీపీ కూడా పెరిగింది. ఆ రోజు బయట తిన్నది అదొక్కటే. మందులు వేళకే వేసుకుంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ‘ఏం తిన్నారు?’ అని. సలాడ్ బౌల్ అని చెప్పగానే ఆయన, ‘డ్రెస్సింగ్‌లో ఏం వేశారు, స్మూతీ దేంతో చేశారు, కనుక్కుని రండి’ అన్నారు.

కనుక్కోవడానికి వెళ్లాను. కౌంటర్‌లో ఎవరికీ తెలియదు. ‘అంతా నేచురలే మేడమ్’ అన్న మాట తప్ప జవాబు లేదు. మేనేజర్‌ని పిలవమని గట్టిగా అడిగాక ఆయన వచ్చి, లోపలి నుంచి డ్రెస్సింగ్ డబ్బా తెప్పించారు. అది ఆ వంటగదిలో చేసింది కాదు, బయట తయారై డబ్బాల్లో వచ్చేది. దాని మీద వరసగా నూనె, నీళ్లు, అగావే సిరప్ (అగావే అనే మొక్క రసంతో చేసే తీపి పాకం), సోయా సాస్, మాల్టోడెక్స్ట్రిన్, ఉప్పు అని ఉంది. చాలా దేశాల్లో లేబుళ్ల మీద బరువులో ఎక్కువున్న పదార్థాన్నే ముందు రాయాలి. అంటే నూనె, నీళ్ల తర్వాత ఎక్కువున్నది ఆ సిరప్పే. ఇక స్మూతీకి ఆధారం చిక్కబరిచిన యాపిల్ రసం. విడిగా పంచదార వెయ్యలేదు కాబట్టి ‘చక్కెర కలపలేదు’ అని రాసుకోవచ్చన్నది వాళ్ల వాదన.

మరి 380 కేలరీల సంగతేంటని అడిగితే, మెనూ బోర్డు కింది అంచున ఉన్న చిన్న అక్షరాల వరస చూపించారు. పోషక విలువల్లో డ్రెస్సింగ్, టాపింగ్స్ కలవవట. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే. ఆ బౌల్‌ని వాళ్లు డ్రెస్సింగ్ పోసే ఇస్తారు, గింజలు చల్లే ఇస్తారు. పొయ్యకుండా ఇమ్మని ప్రత్యేకంగా అడిగితే తప్ప అలా దొరకదు. ఎవరూ తినని రూపానికి అంకె వేసి, అందరూ తినే రూపాన్ని అమ్ముతున్నారు.

తేడా ఎంతుంటుందో లెక్క చూడండి. గ్రాము నూనెకి 9 కేలరీలు. ఒక టేబుల్‌స్పూన్ నూనె దాదాపు 14 గ్రాములు, అంటే 120 కేలరీల దాకా. ఆలివ్ నూనైనా, అవకాడో నూనైనా ఈ లెక్క మారదు. మంచి కొవ్వు కావచ్చు, కానీ కేలరీలు మామూలు నూనెలో ఉన్నన్నే. బౌల్ మీద నాలుగు టేబుల్‌స్పూన్ల డ్రెస్సింగ్ పోస్తే, అందులో సగమే నూనె అనుకున్నా 240 కేలరీలు కలిశాయి. పైన చల్లిన గింజలు, అవకాడో ముక్కలు, చీజ్ వేరు. బరువు తగ్గాలని రోజూ మధ్యాహ్నం ఇలాంటి బౌల్ తినేవాళ్లకి, తగ్గకపోవడానికి కారణం తమలోనే ఉందని అనిపిస్తుంది. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకిచ్చిన అంకే తప్పు.

చక్కెర విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే స్పష్టంగా చెప్పింది. విడి చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పది శాతం దాటకూడదు, ఐదు శాతం లోపుంటే ఇంకా మంచిది. రోజుకి 2000 కేలరీలు తినేవాళ్లకి అది 50 గ్రాములు, 25 గ్రాములు అవుతుంది. ఆ విడి చక్కెరల్లో పంచదారతో పాటు తేనె, సిరప్పులు, పళ్ల రసాలు, చిక్కబరిచిన పళ్ల రసాలు అన్నీ వస్తాయి. పండుని పండుగా కొరికి తింటే అందులో ఉన్నది ఈ లెక్కలోకి రాదు. రసం తీసినప్పుడు పీచు చాలావరకు పోతుంది, నమిలే పని ఉండదు, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి చేరుతుంది. పావు లీటరు యాపిల్ రసంలో సుమారు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. పైన పాలకూర వేసి ఆకుపచ్చగా మార్చినంత మాత్రాన అది తగ్గదు. మాల్టోడెక్స్ట్రిన్ ఇంకో చిక్కు. అది పిండిపదార్థాన్ని విడగొట్టి చేసే పొడి, చాలా లేబుళ్లలో చక్కెర కింద లెక్కకి రాదు, కానీ రక్తంలో గ్లూకోజుని త్వరగా పెంచుతుంది. షుగరున్నవాళ్లు చక్కెర గడి ఒక్కటే చూసి ఆగకుండా, మొత్తం పిండిపదార్థాల గడి కూడా చూడాలి.

ఉప్పు గురించి ఎవరూ మాట్లాడరు. పెద్దవాళ్లకి రోజుకి 2000 మిల్లీగ్రాముల సోడియం లోపే ఉండాలని అదే సంస్థ చెప్తోంది, అంటే 5 గ్రాముల ఉప్పు కంటే తక్కువ. మామూలు సోయా సాస్ ఒక్క టేబుల్‌స్పూన్‌లోనే 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటుంది. డ్రెస్సింగ్‌లో తీపి, పులుపు కలిసేసరికి ఆ ఉప్పు నాలుకకి తెలియదు. ఆలివ్‌లు, ఉప్పునీళ్లలో ఊరిన చీజ్, డబ్బాలోంచి తీసిన శనగలు, ముందే మసాలా పట్టించి ఉంచిన చికెన్, ఇలా బౌల్‌లో పడే ప్రతి వస్తువూ ఇంకొంచెం కలుపుతుంది. ‘లో సోడియం’ ఉప్పు వాడతామని ఎవరైనా చెప్తే, ఇంట్లో కిడ్నీ జబ్బున్నవాళ్లు ఉంటే మరీ జాగ్రత్తగా ఉండాలి. అలాంటి ఉప్పులో చాలావరకు పొటాషియం క్లోరైడ్ వాడతారు, కిడ్నీలు సరిగా పనిచెయ్యనివాళ్లకి పొటాషియం ప్రాణం మీదికి తేవచ్చు.

మందులు వాడేవాళ్ల గురించి కూడా చెప్పాలి. రక్తం పలచబడ్డానికి వార్ఫరిన్ వాడేవాళ్లకి కేల్, పాలకూర లాంటి ఆకుల్లో ఉండే విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది. ఆకులు పూర్తిగా మానాలని కాదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. ఉన్నట్టుండి ఒకరోజు పెద్ద బౌల్ నిండా తిన్నా, ఒక్కసారిగా మానేసినా ఇబ్బందే. కొలెస్ట్రాల్‌కి వాడే కొన్ని స్టాటిన్ మందులకి గ్రేప్‌ఫ్రూట్ రసం పడదు, రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. జ్యూస్ కౌంటర్ వాళ్లకి ఇవేవీ తెలిసి ఉంటాయని ఆశించొద్దు. మీ డాక్టర్నే అడగండి.

ర్యాప్‌లు బ్రెడ్ కంటే తేలికని చాలామంది అనుకుంటారు. ర్యాప్‌కి చుట్టే పెద్ద సైజు టోర్టీయా (చపాతీ లాంటి రొట్టె) ఒక్కటే, లోపల ఏమీ పెట్టకుండానే, 300 కేలరీల దాకా ఉంటుంది. గోధుమరంగులో ఉన్న బ్రెడ్ అంతా ముడిధాన్యంతో చేసింది కాదు, క్యారమెల్ రంగుతో కూడా ఆ రంగు వస్తుంది.

శుభ్రత సంగతికొస్తే, సలాడ్ కౌంటర్‌లో ఎక్కువ భాగం పచ్చిదే. సూక్ష్మక్రిములని చంపే వేడి దానికి ఎక్కడా తగలదు. 2011లో జర్మనీలో ఈ-కోలై అనే బ్యాక్టీరియా సోకి 50 మందికి పైగా చనిపోయారు, వేలమంది జబ్బుపడ్డారు. మొదట దోసకాయల మీద అనుమానపడ్డారు, చివరికి మెంతి మొలకల దగ్గర తేలింది. మొలకెత్తించడానికి కావలసిన తేమా వెచ్చదనమే ఆ క్రిములు పెరగడానికీ సరిపోతాయి. అందుకే గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు బయట పచ్చి మొలకలు తినకపోవడమే మంచిది. మా అమ్మ బౌల్ మీద కూడా అడగకుండానే ఓ గుప్పెడు వేశారు. ఉడికించిన బ్రౌన్ రైస్, క్వినోవా లాంటివాటితో వేరే ప్రమాదం ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో గంటల తరబడి ఉంచితే విషం తయారవుతుంది, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వండిన పదార్థం బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, వేడిగా ఉంచేది 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచేది 5 డిగ్రీల లోపు ఉండాలి. గాజు అర వెనకున్న ట్రేలు మంచు మీద ఉన్నాయో, ఉత్త బల్ల మీద ఉన్నాయో మీ కంటికే కనిపిస్తుంది. ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఎలర్జీ ఉన్నవాళ్లు ఇంకా గట్టిగా అడగాలి. తహినీ అంటే నువ్వుల ముద్దే. పాల బదులు వాడేది జీడిపప్పుతో చేసిన క్రీమ్ కావచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి రెస్టారెంట్లు కూడా 14 రకాల ఎలర్జీ పదార్థాల గురించి కొనేవాళ్లకి చెప్పి తీరాలి, వాటిలో నువ్వులు ఉన్నాయి. అమెరికాలో 2023 నుంచి నువ్వులు ప్రధాన ఎలర్జీ పదార్థాల జాబితాలో చేరాయి. అయితే లేబుల్ ఎంత సరిగ్గా ఉన్నా, అన్ని బౌళ్లకీ ఒకే గరిటె వాడితే ఏమీ లాభం లేదు. గరిటె మార్చమని, గ్లవ్స్ మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు.

కేలరీల అంకె విషయంలో చట్టాలు ఉన్నచోట అడగడం తేలిక. అమెరికాలో 2018 మే నుంచి 20 లేదా అంతకంటే ఎక్కువ శాఖలున్న రెస్టారెంట్లు మెనూలో కేలరీలు చూపించాలి. ఆ అంకె వంటకాన్ని మామూలుగా అమ్మే రూపానికే వెయ్యాలి, సోడియం, చక్కెర లాంటి మిగతా వివరాలు అడిగితే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంగ్లండులో 2022 ఏప్రిల్ నుంచి 250 లేదా అంతకంటే ఎక్కువ మంది సిబ్బంది ఉన్న సంస్థలకి ఇలాంటి నియమమే వచ్చింది. ఒకటి రెండు శాఖలతో నడిచే చిన్న రెస్టారెంట్లకి ఈ రెండూ వర్తించవు. ‘హెల్దీ’ బోర్డులు పెట్టినవాటిలో అలాంటి చిన్నవే చాలా ఉంటాయి కాబట్టి, అక్కడ అడిగి తెలుసుకోవడం తప్ప దారి లేదు.

అందుకే ఇప్పుడు నేను ఆర్డర్ ఇచ్చేముందు డ్రెస్సింగ్ విడిగా చిన్న కప్పులో ఇమ్మంటాను. మెనూ అంకెలో అది కలిసిందో లేదో అడుగుతాను. స్మూతీ నీళ్లతోనా, పాలతోనా, రసంతోనా చేసేదని అడుగుతాను. డబ్బా మీద లేబుల్ చూపించమంటాను. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. లేబుల్ చూపించడానికి ఇష్టపడని చోట అమ్మకి ఏమీ కొనను. అడగ్గానే పోషకాల కాగితం తీసి చూపించిన చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ సంతోషంగా కొంటాను.

మీకు ఇలాంటిదే జరిగితే బిల్లు పారెయ్యకండి. మెనూ బోర్డుని, కింది అంచున ఉన్న చిన్న అక్షరాలతో సహా, ఫోటో తీసుకోండి. మీటర్ రీడింగ్, టైము రాసి పెట్టుకోండి. తిన్నది మిగిలితే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఒంట్లో బాగోకపోతే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాతే మిగతావి. ఫిర్యాదు నోటిమాటగా కాకుండా రాసి ఇవ్వండి, మీ ప్రాంతంలో ఆహార భద్రత చూసే అధికారులకి ఒక కాపీ పంపండి. నేను అలాగే చేశాను. మేనేజర్ క్షమాపణ చెప్పి డబ్బు వెనక్కిస్తామన్నారు. డబ్బు కంటే ముందు ఆ అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ‘డ్రెస్సింగ్ కలపకుండా’ అని రాయమన్నాను. పైవాళ్లని అడగాలన్నారు. నేను చివరిసారి చూసినప్పుడు కూడా బోర్డు మీద అదే 380 ఉంది.