పిక్క నొప్పికి నడకా, స్టెంటా: ఏది మేలు?

నడిస్తే పిక్క పట్టేస్తుంది. కాసేపు నిలబడితే పోతుంది. మళ్ళీ అంతే దూరం నడవగానే మళ్ళీ పట్టేస్తుంది. ఇది కాలికి రక్తం చాలక వచ్చే నొప్పి. మా కర్నూలు వైపు దీన్ని వయసు మీద పడిందనో, మోకాళ్ళు అరిగాయనో వదిలేసేవాళ్ళే ఎక్కువ. వెన్నులో నరం నొక్కుకుంటే వచ్చే నొప్పి ఇలా ఉండదు. దానికి ఉత్తినే నిలబడితే చాలదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి.

రక్తనాళంలో కొవ్వు పేరుకునే కొద్దీ నడవగలిగే దూరం తగ్గుతుంది. 200 మీటర్లు కూడా నడవలేకపోతే జబ్బు బాగానే ముదిరినట్టు. ఆ పైన రాత్రి పడుకున్నా పాదం సలుపుతుంది, కాలు మంచం కిందికి వేలాడేస్తే కాస్త హాయి. చివరికి మానని పుండు, నల్లబడే వేలు. అందరికీ అంతదాకా రాదు. బీడీ, షుగరు ఉన్నవాళ్ళకే ఆ భయం ఎక్కువ.

నడిస్తేనే నొప్పి వచ్చే దశలో నా ఓటు నడకకే. నొప్పి వస్తోందని కాలు కదపకుండా కూర్చోబెట్టడం మంచిది కాదు. గుండె సంగతి డాక్టరుకు చూపించుకుని, నొప్పి బాగా తెలిసేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్ళీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం మూడు రోజులు, మూడు నెలలు. మన ఎండలకు తెల్లవారుజామే మంచిది. బీడీ పూర్తిగా మానాలి. కొవ్వు తగ్గించే మాత్ర, రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర డాక్టరు రాస్తే వదలకూడదు. ఈ జబ్బున్నవాళ్ళకు కాలు పోవడం కన్నా గుండెపోటు, పక్షవాతం ముప్పే ఎక్కువ. పూడుకున్న నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టమే స్టెంట్; కాలికి వేసే స్టెంట్ ఆ ముప్పును తగ్గించదు.

స్టెంట్‌తో నొప్పి త్వరగా తగ్గేది నిజమే. కానీ అది మళ్ళీ పూడుకోవచ్చు, మోకాలి కింది నాళాల్లో మరీను. మూడు నెలలు శ్రద్ధగా నడిచినా హమాలీ పనికో, చేను పనికో పోలేకపోతుంటే అప్పుడు వేయించుకోవడం న్యాయమే. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ఆసుపత్రిలో వైద్యమిత్రను అడగండి.

పడుకున్నా నొప్పి ఉంటే, పుండు పడితే ఇక నడకా స్టెంటా అన్న ప్రశ్నే లేదు. స్టెంటో బైపాసో, రక్తం పారించే దారి వెంటనే చూడాలి. షుగరు వాళ్ళు మరీ జాగ్రత్త: స్పర్శ తగ్గి నొప్పే తెలియదు, పుండే మొదటి గుర్తు కావచ్చు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించి పోల్చే పరీక్షలో 0.9 లేదా అంతకన్నా తక్కువ వస్తే జబ్బున్నట్టే. షుగరు వాళ్ళకు నాళాలు గట్టిపడి అంకె బాగున్నట్టు కనబడొచ్చు, కాబట్టి నాళంలో రక్తం పారే తీరు చూసే డాప్లర్ స్కాన్ కూడా అడగండి.

ఉన్నట్టుండి కాలు చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. ఆ కాలికి గంటలే గడువు.