హైడ్రా, స్పంజిక, సీ అనిమోన్: మ్యాట్రిక్స్ పాఠానికి ఏది మేలు?

బీఎస్సీ పిల్లలు ఏటా అడుగుతారు: "మేడం, శరీరమంటే కణాలే కదా, వాటి మధ్య ఉన్నదానికి ఇంత పాఠం ఎందుకు?" కణాలు తమ చుట్టూ తామే అల్లుకునే ప్రోటీన్ల వల, అంటే ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్, ఒంటికి ఆకారం ఎలా ఇస్తుందో బోర్డు మీద బొమ్మ గీస్తే తలకెక్కదు. బతికున్న జీవిలో చూపించాలి.

నా ఓటు హైడ్రాకే, అంటే మంచినీటిలో బతికే బుల్లి గొట్టంలాంటి జీవికే. డిసెంబర్‌లో విజయవాడ దాటాక ఏలూరు కాలువ అంచున గుప్పెడు నీటిమొక్కలు తెచ్చి, గాజు సీసాలో వేసి కిటికీ దగ్గర పెట్టాం. మర్నాటికి వెలుతురు వైపు గాజుకు అతుక్కుని నాలుగు హైడ్రాలు, దారప్పోగుల్లా. సూదితో తాకితే చుక్కంత అయిపోయాయి, కాసేపటికి మళ్లీ సాగాయి. ఒళ్లంతా కణాల పొరలు రెండే, వాటి మధ్యలో మీసోగ్లియా అనే జిగురు పొర. అదే వాటి మ్యాట్రిక్స్. అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల మధ్య మన చర్మంలో ఉన్నంత గట్టి ముడులు ఉండవు, అందుకే అంత సాగుతుంది.

తల కోసి చూడండి. కోసిన చోట మీసోగ్లియా వెనక్కి ముడుచుకుంటుంది, రెండు పొరల కణాలూ గాయాన్ని మూసేస్తాయి. ఆ తర్వాత లోపలి పొర లామినిన్ అనే మరో మ్యాట్రిక్స్ ప్రోటీన్‌ను, బయటి పొర కొలాజెన్‌ను తయారుచేస్తాయి. ఈ తయారీని ఆపేస్తే తల మొలవదు! పిల్లల ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు. పిల్ల హైడ్రా మొలిచేటప్పుడు కూడా తల్లి మీసోగ్లియా కణాలతో పాటే కదిలి సాగుతుందని 2011లో మీసోగ్లియాకు మెరిసే రంగు అంటించి చూపించారు.

స్పంజికకు చరిత్ర గొప్పది. 1907లో విల్సన్ అనే శాస్త్రవేత్త దాన్ని పట్టుగుడ్డలోంచి పిండితే, విడిపోయిన కణాలు మళ్లీ కలిసి స్పంజిక అయ్యాయి. కానీ తరగతిలో బతికించడం కష్టం, ఆకారానికీ ఒక పద్ధతంటూ ఉండదు.

పిండం దశ నుంచి చూడాలంటే మాత్రం నెమటోస్టెల్లా అనే సీ అనిమోన్‌దే పైచేయి. హైడ్రా పిండం మందపాటి పెంకులో దాక్కుంటుంది. నెమటోస్టెల్లా గుడ్డు నుంచి నాలుగు స్పర్శకాలున్న (టెంటకిల్స్) గొట్టంలాంటి పాలిప్ రూపం దాకా వారంలో కళ్లముందే ఎదుగుతుంది. దాని జన్యుపటం 2007లోనే వచ్చింది. అయితే అది అమెరికా తీరపు ఉప్పునీటి చిత్తడి నేలల జీవి, మన కాలువల్లో దొరకదు.

హైడ్రాకు మేతగా రొయ్యల హేచరీల్లో వాడే ఆర్టీమియా అనే ఉప్పునీటి బుల్లి జీవులు చాలు. కుళాయి నీళ్లు మాత్రం పోయకండి, క్లోరిన్‌కు చచ్చిపోతాయి. మన ఎండలకూ తట్టుకోవు, కాబట్టి ఈ ప్రాక్టికల్ సంక్రాంతి లోపే పెట్టుకోండి.