‘ఒక్కసారే కాల్చిన బ్రాస్, రెడీ లోడ్ సెట్’ అనే ప్రకటన కనిపిస్తే జాగ్రత్త

పొట్టి బ్యారెల్ ఉన్న జింక వేట రైఫిల్‌కి సొంతంగా తూటాలు లోడ్ చేసుకునేవాళ్లు, అంటే కాల్చిన ఇత్తడి కేసులో (బ్రాస్‌లో) కొత్త ప్రైమర్ (పౌడర్‌కి నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకునేవాళ్లు, కొత్తగా మొదలుపెడదామనుకుంటున్నవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. వేటకీ రీలోడింగ్‌కీ చట్టం ఒప్పుకునే చోట, లైసెన్సుతో చేసేవాళ్ల కోసమే రాస్తున్నాను.

నేను కొన్నది ఒక సెట్. 7ఎంఎం-08 రెమింగ్టన్ అనే క్యాలిబర్‌కి సరిపడే ఇత్తడి కేసులు ఒక సంచీ, ఒక డబ్బాలో పౌడర్, 140 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ల పెట్టె, ఉచితంగా ఒక చిన్న డిజిటల్ త్రాసు. వీటికి తోడు ‘కాంపాక్ట్ రైఫిళ్లలో కాల్చి తేల్చిన లోడ్’ అంటూ ఎంత పౌడర్ పోయాలో రాసిన కార్డు. కేసుల గురించి ప్రకటనలో ఉన్న మాట: ఒకే కంపెనీవి, ఒక్కసారే కాల్చినవి, శుభ్రం చేసి సైజ్ చేసినవి (డై అనే అచ్చులో నొక్కి అసలు కొలతకి తెచ్చినవి). బుల్లెట్ల పెట్టె ఒక్కటే సీలు తీయకుండా వచ్చింది, అందులో ఉన్నవి బాగానే ఉన్నాయి. మిగతా సరుకులో చెప్పిందొకటి, వచ్చిందొకటి. అమ్మిన మనిషి పేరు రాయడం లేదు. ఇదే తరహా ప్రకటనలు వేరే పేర్లతో కూడా కనిపిస్తున్నాయి, కాబట్టి సరుకుని గుర్తుపట్టడమే ముఖ్యం.

ముందు బ్రాస్ సంగతి. ప్రకటనలో ఫోటోలన్నీ కేసుల నోటి వైపు నుంచో, పక్క నుంచో తీసినవే. తళతళా మెరుస్తున్నాయి. అడుగు వైపు, అంటే కంపెనీ, క్యాలిబర్ ముద్రించి ఉండే హెడ్‌స్టాంప్ కనిపించేలా ఒక్క ఫోటో కూడా లేదు. సంచీ విప్పి కేసుల్ని బల్లమీద బోర్లించి చూస్తే సంగతి తెలిసింది. కొన్నిటి మీద నిజంగానే 7ఎంఎం-08 అని ఉంది, అవి కూడా రెండు మూడు వేర్వేరు కంపెనీలవి. కొన్నిటి మీద 308 విన్‌చెస్టర్ అని ఉంది. ఇంకొన్నిటి మీద వలయంలో ప్లస్ గుర్తు, పక్కన రెండంకెల సంవత్సరం. ఆ వలయం నాటో గుర్తు. అంటే అవి సైన్యం వాడే 7.62×51 కేసులు.

308 కేసు నెక్‌ని (బుల్లెట్‌ని పట్టుకునే మెడని) బిగించి 7ఎంఎం-08 చేయడం తప్పేమీ కాదు. అసలు 7ఎంఎం-08 పుట్టిందే అలా, 308 నుంచి. ఓపికున్నవాళ్లు ఇంట్లో చేసుకుంటారు, నెక్ గోడ మందం కొలిచి, అవసరమైతే చుట్టూ పలచగా చెక్కి, ఆ కేసుల్ని విడిగా పెట్టెలో పెట్టి పైన రాసుకుంటారు. ఆ పనులేవీ చేయకుండా, చేసినట్టు కూడా చెప్పకుండా, అసలు వాటితో కలిపి అమ్మడమే ఇక్కడి మోసం.

ఎందుకింత గొడవ అంటారా? పెద్ద నోటిని చిన్నది చేసినప్పుడు అక్కడి ఇత్తడి ఎక్కడికీ పోదు, గోడ మందమవుతుంది. 7ఎంఎం-08లో బుల్లెట్ వ్యాసం 0.284 అంగుళాలు. బుల్లెట్ కూర్చోబెట్టాక నెక్ బయటి వ్యాసం 0.315 అంగుళాలు దాటకూడదని సామీ (అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే తయారీదారుల సంస్థ) ప్రమాణాల బొమ్మలో ఉంటుంది. చాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో) నెక్ ఉండే చోటు అంతకన్నా ఒక వెంట్రుకవాసి మాత్రమే వెడల్పు. పౌడర్, ప్రైమర్ లేకుండా డమ్మీ తూటాలు చేసి కొలిచాను. సైన్యం కేసులతో చేసినవి ఆ హద్దు దాటాయి. అలాంటి తూటా బోల్టుని (చాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీని) గట్టిగా నెట్టితే చాంబర్‌లోకి దూరిపోవచ్చు. కానీ పేలినప్పుడు నెక్ విచ్చుకుని బుల్లెట్‌ని వదలడానికి చోటుండదు. చాంబర్ గోడ బుల్లెట్‌ని పట్టుకున్నట్టే అవుతుంది, ప్రెషర్ ఒక్కసారిగా పైకి పోతుంది. ఈ క్యాలిబర్‌కి సామీ పెట్టిన గరిష్ఠ ప్రెషర్ చదరపు అంగుళానికి 61,000 పౌండ్లు. దాన్ని దాటితే ఎంత దాటుతుందో మన చేతిలో ఉండదు.

రెండో తేడా లోపలి చోటు. సైన్యం కేసు బయటికి మామూలు కేసులాగే ఉంటుంది, తూకం వేస్తే సాధారణంగా బరువెక్కువ. ఆ బరువంతా గోడల్లోనూ అడుగులోనూ ఉన్న ఇత్తడిదే కాబట్టి లోపల ఖాళీ తగ్గుతుంది. అదే పౌడర్ తక్కువ చోటులో మండితే ప్రెషర్ ఎక్కువ వస్తుంది. ఒకే సంచీలో రెండు రకాలూ కలిసి ఉంటే గ్రూపు (కాగితం మీద రంధ్రాలు పడే గుంపు) ఎలా వస్తుందో ఊహించుకోండి. ఒక తూటా ఒక వేగంతో, పక్కది ఇంకో వేగంతో. కచ్చితత్వం కోసం కొన్న సెట్‌లోనే కచ్చితత్వానికి గండి కొట్టారు. పైగా ఈ కేసుల్లో ప్రైమర్ పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) అంచు క్రింప్ చేసి, అంటే లోపలికి నొక్కి ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ప్రైమర్ నొక్కితే నలుగుతుంది, వంకరగా కూర్చుంటుంది. నాకు వచ్చినవాటిలో ఆ క్రింప్ అలాగే ఉంది. ‘లోడింగ్‌కి సిద్ధం’ అన్న మాటకి అర్థమేంటో వాళ్లకే తెలియాలి.

ఇక ‘ఒక్కసారే కాల్చినవి’ అన్నది. పేపర్ క్లిప్ కొనని చిన్న కొక్కెంలా వంచి, కేసు లోపల అడుగు నుంచి పైకి గోడ వెంట గీస్తూ రండి. అడుగుకి కాస్త పైన క్లిప్ ఒక గాడిలో పడినట్టు అనిపిస్తే ఆ కేసు పని అయిపోయినట్టే. బయట అదే చోట సన్నటి మెరుపు గీత చుట్టూ కనిపిస్తుంది. కేసు సాగి సాగి గోడ పలచబడిందని, ఇంకోసారి కాలిస్తే అక్కడ రెండు ముక్కలయ్యే ప్రమాదం ఉందని దాని అర్థం. మెషీన్ గన్ చాంబర్లు పొడవుగా ఉంటాయి, వాటిలో కాల్చిన కేసులు మొదటిసారికే బాగా సాగుతాయి. మళ్లీ సైజ్ చేసినప్పుడు షోల్డర్ (నెక్ కింద ఉండే వాలు) వెనక్కి పోతుంది, తర్వాత కాల్చినప్పుడు మళ్లీ సాగుతుంది. చాలాసార్లు లోడ్ చేసిన కేసుకైనా ఇదే గతి. నాకు వచ్చినవాటిలో గాడి తగిలిన ఒకదాన్ని హాక్సా బ్లేడుతో నిలువునా కోసి చూశాను. ఆ చోట గోడ కంటికే పలచగా కనిపించింది. కేసు తెగితే వేడి గ్యాసు బోల్టు వైపు వస్తుంది, మన ముఖం ఉండేది అటే. కళ్లద్దాలు లేకుండా రేంజ్‌లో కాల్చేవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

పొడవు కొలిచినా కొంత తెలుస్తుంది. 7ఎంఎం-08 కేసు గరిష్ఠ పొడవు 2.035 అంగుళాలు, 308ది 2.015. మార్చినవి సాధారణంగా పొట్టిగానే మిగిలిపోతాయి. ఇది అనుమానానికి ఆధారం మాత్రమే, బాగా ట్రిమ్ చేసిన (నోటి అంచు కత్తిరించిన) అసలు కేసు కూడా పొట్టిగా ఉండొచ్చు. హెడ్‌స్టాంప్ చూడడమే తేలిక.

పౌడర్ డబ్బా చూశాక నాకు నిజంగా కోపం వచ్చింది. కంపెనీ డబ్బా కాదు, మామూలు ప్లాస్టిక్ డబ్బా. మూత మీద స్కెచ్ పెన్నుతో ‘4895’ అని రాసి ఉంది. అంతే. ఐఎంఆర్ 4895 అనే పౌడర్ వేరు, హెచ్4895 అనే పౌడర్ వేరు. ఒకే అంకె ఉన్నా మండే తీరు వేరు, లోడ్ పట్టికలు వేరు. 4350, 4831 అంకెల పౌడర్ల విషయంలోనూ ఇదే గందరగోళం. గింజల రంగు, ఆకారం చూసి పౌడర్ ఏదో చెప్పగలనని ఎవరైనా అంటే ఆ మనిషి పక్క బెంచీలో కూర్చోకండి. లాట్ నంబర్ లేదు, ఎప్పుడు తెరిచారో తెలియదు. మూత తీస్తే ముక్కుని పొడిచే పుల్లటి ఘాటు. మంచి పౌడర్‌కి ఈథర్‌లాంటి సాల్వెంట్ వాసన ఉంటుంది. పుల్లటి ఘాటు, ఎర్రటి దుమ్ము, రేకు డబ్బా అయితే లోపల తుప్పు, ఇవన్నీ పాడైపోతోందనడానికి గుర్తులు. సీలు తీసిన పౌడర్ ఎవరి దగ్గరా కొనకండి. స్నేహితుడు ఊరికే ఇచ్చినా వద్దనండి, ఏమీ అనుకోడు.

ఉచిత త్రాసు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది గ్రాములో వందో వంతు వరకు చూపిస్తుంది. ఒక గ్రెయిన్ అంటే సుమారు 64.8 మిల్లీగ్రాములు కాబట్టి దాని ఒక్కో మెట్టు 0.15 గ్రెయిన్. మనం ఛార్జ్ (కేసులో పోసే పౌడర్ తూకం) సరిచూసుకునేది 0.1 గ్రెయిన్ లెక్కలో. తూకం రాయి పెట్టి తీసి మళ్లీ పెడితే అంకె మారుతోంది కూడా. పక్కన పడేశాను.

ఇక ఆ కార్డు. బ్రాస్ తర్వాత నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే, ఎందుకంటే బ్రాస్‌లో లోపం కంటికి కనిపిస్తుంది, కార్డు మాత్రం చదివితే నమ్మబుద్ధేస్తుంది. మొదలుపెట్టాల్సిన ఛార్జ్ ఎంతో అందులో లేదు, ఒకే ఒక్క అంకె ఉంది, అది ప్రచురించిన పట్టికల గరిష్ఠం కన్నా ఎక్కువ. కింద కారణం రాశారు: ‘పొట్టి బ్యారెల్‌లో పోయే వేగాన్ని భర్తీ చేయడానికి’. ఆ అంకె ఇక్కడ రాయను, ఎవరైనా వాడేస్తారని భయం.

ఈ వాదన వినడానికి బాగుంటుంది, కానీ మూలంలోనే తప్పు. బుల్లెట్ బ్యారెల్‌లో మొదటి కొద్ది అంగుళాలు కదిలేలోపే ప్రెషర్ శిఖరానికి చేరి దిగడం మొదలవుతుంది. ఆ తర్వాత బ్యారెల్ ఇంకా 14 అంగుళాలుందా, 20 ఉందా అన్నది శిఖరాన్ని మార్చదు. బ్యారెల్ పొట్టిగా ఉంటే పోయేది వేగమే, చాంబర్‌కి దక్కే రక్షణ ఏమీ లేదు. పోయే వేగం కూడా ఎంత? ఈ తరగతి తూటాల్లో అంగుళానికి సెకనుకి 20 నుంచి 30 అడుగులు అటూఇటూ. 24 అంగుళాల బ్యారెల్‌తో పోలిస్తే 18.5 అంగుళాల దానిలో 110 నుంచి 165 అడుగులు తగ్గుతుంది. మామూలు దూరాల్లో జింకకి ఆ తేడా పట్టింపే కాదు. తేలికైన చిన్న రైఫిల్‌లో ఎక్కువ మందు పోస్తే మనకి తెలిసొచ్చేది భుజం నొప్పి, చెవులు చిల్లులు పడే చప్పుడు, ట్రిగ్గర్ లాగే ముందు కళ్లు మూసుకునే అలవాటు.

కార్డులో ఇంకో తమాషా కూడా ఉంది. తూటా మొత్తం పొడవు 2.86 అంగుళాలని రాశారు. ఈ క్యాలిబర్‌కి ప్రమాణం 2.80. అంత పొడుగు తూటా నా రైఫిల్ మ్యాగజైన్‌లో పట్టదు. షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాల కోసం చేసిన) కాంపాక్ట్ రైఫిళ్లు చాలావాటి మ్యాగజైన్లు ఆ ప్రమాణం చుట్టూనే కడతారు. మరి ఏ కాంపాక్ట్ రైఫిల్‌లో ‘కాల్చి తేల్చారు’? ఒక్కొక్కటే చేత్తో పెట్టి కాల్చారనుకున్నా, ఒక రైఫిల్‌లో బుల్లెట్‌కీ రైఫ్లింగ్‌కీ (బ్యారెల్ లోపలి మెలి గాడులకీ) మధ్య ఉన్న ఖాళీ ఇంకో రైఫిల్‌లో ఉండదు. బుల్లెట్ రైఫ్లింగ్‌కి ఆనుకుపోతే అక్కడా ప్రెషర్ పెరుగుతుంది. ప్రకటనలో చూపించిన గ్రూపు ఫోటో మూడు రంధ్రాలది. సన్నటి బ్యారెల్ ఉన్న ఏ రైఫిలైనా ఎప్పుడో ఒకసారి మూడు రంధ్రాలు దగ్గరదగ్గరగా వేస్తుంది. చల్లటి బ్యారెల్‌తో వేర్వేరు రోజుల్లో వేసిన మొదటి షాట్లన్నీ ఒకే కాగితం మీద చూపించమనండి, వేటకి పనికొచ్చేది ఆ కాగితం.

అమ్మినాయనకి రాశాను. మొదటి జవాబు: ‘అన్నీ ఒకే ఫ్యామిలీ సార్, డైలో వేశాక తేడా ఉండదు.’ ఫోటోలు పంపాక రెండో జవాబు: ‘విప్పిన రీలోడింగ్ సామాన్లు వాపసు తీసుకోము.’ నిజానికి ఆ రూలు మంచిదే. ఒకరు తెరిచిన పౌడర్ ఇంకొకరికి వెళ్లకూడదు. అదే రూలు ఆయన నాకు అమ్మే ముందు గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేది. డబ్బు తిరిగి రాలేదు.

పాత బ్రాస్ కొనాల్సే వస్తే, హెడ్‌స్టాంపులు వరసగా కనిపించేలా ఫోటో అడగండి, ఏ రైఫిల్‌లో కాల్చారో అడగండి. సాకు చెప్తే వదిలేయండి. కొత్త బ్రాస్ ఖర్చనిపిస్తే, మీ రైఫిల్‌లోనే ఫ్యాక్టరీ తూటాలు కాల్చి ఆ కేసుల్ని దాచుకోండి. వాటి చరిత్ర మొత్తం మీకు తెలుసు, మీ చాంబర్‌కి సరిపడా విచ్చుకుని ఉంటాయి. లోడ్ అంకెలు పౌడర్ కంపెనీ, బుల్లెట్ కంపెనీ ప్రచురించిన పట్టికల నుంచే తీసుకోండి, కనిష్ఠం నుంచి మొదలుపెట్టండి.

ఇలాంటి సెట్ ఇప్పటికే కొని తూటాలు తయారు చేసేసినవాళ్లు వాటిని కాల్చకండి. ‘ఒకటి వేసి చూద్దాం’ అని కూడా వద్దు. పుల్లర్‌తో బుల్లెట్లు విప్పండి, బుల్లెట్లు బాగుంటే వాడుకోవచ్చు. పౌడర్‌ని మీ దగ్గరున్న వేరే డబ్బాలో కలపొద్దు, దాన్ని ఎలా వదిలించుకోవాలో మీ దగ్గరి అగ్నిమాపక కేంద్రాన్ని అడగండి. ప్రైమర్ ఉన్న కేసుని నలగ్గొట్టొద్దు, ముందు ప్రైమర్ పని తేల్చాలి. ఖాళీ అయ్యాక, గాడి తగిలినవి, నాటో గుర్తున్నవి పట్టకారుతో నోరు నొక్కేసి తుక్కులో వేయండి, అవి మళ్లీ ఇంకో సంచీలోకి చేరకుండా.